మిగిలినదాని ఫొటో

జనగామ బస్టాండు వెనక సందులో నా కుట్టు మిషన్ ఉండేది. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ ఛాతీ కొలతలు నాకు నోటికి వచ్చు. ఏ కాన్పు తర్వాత ఎవరు ఎంత ఒళ్ళు చేశారో వాళ్ళ మొగుళ్ళకంటే నాకే బాగా తెలుసు. అలాంటి నేను ఏడాదికోసారి నా ఛాతీని తీసుకెళ్ళి రెండు పలకల మధ్య అప్పడంలా ఒత్తించుకోవలసి వచ్చేది.

అదీ ఒకటే. ఎడమది అప్పటికే పోయింది. అందులో గడ్డ లేచింది, అది క్యాన్సర్ అన్నారు, మొత్తం తీసేశారు, నెలల తరబడి మందు ఎక్కించారు. నెత్తి మీద ఒక్క వెంట్రుక మిగలకుండా ఊడింది. చర్చికి పోయే పక్కింటి వాళ్ళు ప్రార్థనలు పెట్టారు, మా అత్తగారు ఎల్లమ్మకు కోడిని మొక్కారు. నేను లేచి కూర్చున్నాక ఎవరి దేవుడు బాగుచేశాడన్న దగ్గర రెండిళ్ళకూ కొంచెం మాటలు కూడా పడ్డాయి. డాక్టరు మాత్రం పంచాయతీలో తలదూర్చకుండా ఒక్కమాట చెప్పాడు. మిగిలినదానికి ఏటేటా ఫొటో తీయించాలి, మళ్ళీ వచ్చేదుంటే చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలి అని.

ఆ ఫొటో ఎలా తీస్తారో తెలియనివాళ్ళకు చెబుతాను. రవిక విప్పించి నిలబెడతారు. గదిలో ఏసీ చలి. దాన్ని పలక మీద పెట్టమంటారు. పెట్టమనడమే గాని మనం పెట్టేదేమీ ఉండదు, అక్కడి అమ్మాయే పిండిముద్దను పీట మీద సర్దినట్టు లాగి సర్దుతుంది. పైనుంచి ఇంకో పలక దిగుతుంది. ఇక చాలు అనుకున్నాక ఇంకొంచెం దిగుతుంది. "ఊపిరి ఆపండి" అంటుంది అమ్మాయి. ఆ బిగింపుకు ఊపిరి దానంతటదే ఆగిపోతుంది, వేరే చెప్పాల్సిన పనిలేదు. మగవాళ్ళకు కూడా ఇలాంటిచోట ఇలాంటి పరీక్షే ఉంటే ఈపాటికి ఆ పలకలకు దూది పరుపులు వచ్చి ఉండేవని నా గట్టి నమ్మకం.

పోయిన ఎడమదాని జాగాలో పెట్టుకోవడానికి నేనే ఒకటి కుట్టుకున్నాను. మొదట దూది కుక్కాను. తేలికైపోయి మధ్యాహ్నానికల్లా మెడ దగ్గరికి ఎక్కి కూర్చునేది. తర్వాత చంటిపిల్లల తలకింద పెట్టే ఆవాల దిండు గుర్తొచ్చి ఆవాలు పోశాను. అప్పుడు బరువు సరిగ్గా కుదిరింది. మా అక్క అది చూసి, "కూరల తాలింపుకు ఆవాలు లేవంటె నీ దగ్గరికే రావాలె ఇగ" అంది. అక్కది మానుకోట. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోటనే అంటాం. అక్కడ రైల్వే స్టేషన్ బయట ఆమెకు ఇడ్లీ బండి ఉంది. నా ప్రతి ఫొటోకూ బండి మూసేసి ముందురోజే వచ్చేది. నా భర్త భూపాలపల్లిలో బొగ్గు బాయిలో పనిచేసేవాడు, ఆదివారాలు ఇంటికి వచ్చేవాడు.

ఉద్యమం నా దాకా కండువాల రూపంలో వచ్చింది. ఆ డిసెంబరులో ఊరంతా ప్రత్యేక రాష్ట్రం గురించి గొంతులు చించుకుంటుంటే నేను గులాబీ గుడ్డ చించుతూ కూర్చున్నాను. తాను తర్వాత తాను వచ్చేది. అంచులు మడిచి కుట్టడం, మడత పెట్టడం. పెళ్ళి రవికలన్నీ మూలన పడ్డాయి. రాష్ట్రం వచ్చినా రాకున్నా కండువా అంచు ఊడకూడదు గదా అని నేను రెండు కుట్లు వేసేదాన్ని.

నా ఫొటోకు ముందురోజు రాత్రి టీవీలో ఢిల్లీ నుంచి మాట వచ్చింది, తెలంగాణ ఏర్పాటు మొదలుపెడతామని. తెల్లారి నేనూ అక్కా హన్మకొండ బస్సుకు బయలుదేరేసరికి జనగామ చౌరస్తా గులాబీ రంగుకు తిరిగింది. డప్పులు, మిఠాయిలు, చప్పట్లు కొడుతూ తిరిగే ఆడవాళ్ళు. ఇంట్లో బయలుదేరేముందు అక్క నా ముఖానికి పౌడర్ డబ్బా పట్టుకుని వస్తే నేను ఆపాను.

"పరీక్షకు పోయేటప్పుడు పౌడర్ రాసుకోవద్దన్నరు. నూనె గూడ వద్దన్నరు."

"దవాఖానకు గిట్ల ఎండిన ముఖమేస్కొని పోతరా? ఆడ నలుగురు చూస్తరు."

"వాళ్ళు చూసేది ముఖం కాదు అక్కా."

అంత పట్టుదలగా పౌడర్ మానేసిన మనిషిని చౌరస్తాలో గాజుల దుకాణం వదిన పట్టుకుంది. రెండు చేతుల నిండా గులాల్ తెచ్చి బుగ్గలకు పూసింది, నెత్తిన పోసింది, మిగిలింది నా రవిక మెడలోంచి లోపలికి కుమ్మరించింది. మెడ కొంచెం లోతుగా ఉండడం ఆమె తప్పు కాదు, కుట్టుకున్నది నేనే. నేనూ ఊరుకోలేదు, ఆమె నెత్తిన ఇంకో పిడికెడు పోసి అందరితో కలిసి తిరిగాను. అంత సంతోషం నేను ఆపరేషన్ తర్వాత ఎరగను. బస్సులో కండక్టరు చెవులదాకా గులాబీగా ఉండి టికెట్లు కొట్టడం మరిచిపోయాడు.

స్కానింగ్ సెంటర్లో కుళాయి దగ్గర ముఖం, మెడ కడుక్కున్నాను. తడి తువ్వాలతో ఛాతీ మీద పైపైన తుడుచుకున్నాను. ఫొటో తీసే అమ్మాయి అడిగింది, "పౌడర్ గిట్ల ఏసుకున్నరా అక్కా?"

"లేదమ్మా" అన్నాను. నిజమే చెప్పాను. నా లెక్కలో పౌడర్ అంటే డబ్బాలో ఉండే తెల్లటిది. గులాల్ అంటే గులాల్, పండుగ వస్తువు. ఆ అమ్మాయి పాపిట్లో గులాలే, గోళ్ళలో గులాలే. ఆ రోజు వరంగల్ జిల్లా మొత్తంలో ఎవరి కంటికీ ఆ రంగు వేరేగా ఆనలేదు.

ఫొటోలు చూసే డాక్టరు కుర్రవాడు. రెండు వారాలకోసారి గురువారం హైదరాబాద్ నుంచి వచ్చేవాడు. అతని చెవి వెనక కూడా రంగు ఉంది. నవ్వుతూ నా కొత్త ఫిల్మును లైటు పెట్టెకు తగిలించాడు. పక్కన నిరుటిది తగిలించాడు. నవ్వు ఆగిపోయింది. దగ్గరికి వంగాడు. నేను అతని ముఖాన్నే చూస్తున్నాను. రవిక పాడుచేసినప్పుడు నా ముఖం ఎలా ఉంటుందో అతనిది అలా ఉంది.

"అమ్మా, ఇక్కడ చూడండి. చంక వైపు, కింద మడత దగ్గర. తెల్ల చుక్కలు. సున్నం పేరుకుంటే ఇలా కనిపిస్తుంది. నిరుడు లేవు."

"అంటే మళ్ళొచ్చినట్టేనా?"

"ఏమీ కాకపోవచ్చు. కొన్నిసార్లు క్యాన్సర్ మొదట్లో ఇలాగే ఉంటుంది. పెద్దగా చేసి ఇంకో ఫొటో తీయాలి. అనుమానం తీరకపోతే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాం."

సరే ఇప్పుడే తీయండి అన్నాను. అంతలో కరెంటు పోయింది. జనరేటర్ వేసే మనిషి ఊరేగింపులో ఉన్నాడట. చాలాసేపు చీకట్లో కూర్చున్నాం. చివరికి డాక్టరు వచ్చే పర్యాయం రమ్మన్నాడు. తిరుగు బస్సులో అందరూ పాటలు పాడుతున్నారు. నా పక్క సీటాయన నాకు లడ్డూ ఇచ్చి, "తెలంగాణ వచ్చింది, ముఖం గట్ల పెట్టినవేందమ్మా?" అన్నాడు. అక్క ఆయన్ని చూసిన చూపుకు ఆయన ఇంకో లడ్డూ ఇచ్చాడు.

ఆ రెండు వారాలు ఎలా గడిచాయో చెప్పాలంటే, నాకు ఊరంతటి మీద కోపం వచ్చింది. ఎవరు చూసినా నవ్వుతారు. ఎవరు చూసినా మిఠాయి పెడతారు. నేను మిషన్ తొక్కుతూ ఉంటే ఆ తెల్లచుక్కలు గుడ్డ మీద కనబడేవి. స్నానానికి పోయినప్పుడల్లా మిగిలినదాన్ని నలుమూలలా ఒత్తి చూసుకునేదాన్ని. అది పాపం ఏమీ ఎరగనట్టు ఉండేది.

ఆదివారం నా భర్త వచ్చాడు. నేను అన్నం పెట్టి ముందే చెప్పేశాను. "ఒకవేళ మల్లొస్తే నేను మందు ఎక్కిచ్చుకోను. కక్కుడు, ఊడుడు, మల్ల గా మంచం. నాతోని కాదు. ఉన్నన్ని రోజులు ఉంట."

ఆయన మాటల మనిషి కాదు. బాయిలో దిగేవాళ్ళలో చాలామంది అంతే, కింద మాట్లాడితే వినబడదు, పైకి వచ్చాక అలవాటు పోతుంది. అన్నం తిన్నాడు. కంచాలు, గిన్నెలు అన్నీ తీసుకుపోయి బయట కూర్చుని తోమాడు. మా వాడకట్టు మొత్తం చూస్తుండగా తోమాడు. లోపలికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, "నువ్వు మందు ఎక్కిచ్చుకుంటవు" అన్నాడు. అడగలేదు, బతిమాలలేదు. కోడలికి వంట పని చెప్పినట్టు చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన వెళ్ళాక చాలాసేపు ఏడ్చాను.

పరీక్షకు ముందురోజు రాత్రి మళ్ళీ టీవీలో ఢిల్లీ మాట వచ్చింది. ఇంకా అందరితో మాట్లాడాలట, తొందరేమీ లేదట. ఇచ్చినదాన్ని మళ్ళీ లాక్కున్నారు. కావచ్చు, కాకపోవచ్చు. ఢిల్లీలో కూడా మా డాక్టరులాంటివాడే ఎవడో ఉన్నాడనుకున్నాను. తెల్లారేసరికి బంద్. బస్సులు లేవు, రైళ్ళు లేవు. భూపాలపల్లి నుంచి నా భర్త ఫోన్ చేశాడు, పరకాల దారిలో చెట్లు నరికి అడ్డం వేశారు, బండి మీద కూడా రాలేకపోతున్నానని. "నువ్వు మాత్రం పో" అన్నాడు.

అక్క మా సందులో ఆటో నడిపే అతన్ని లేపుకొచ్చింది. అతను ముందు అద్దానికి కండువా కట్టాడు, దాంతో పని జరుగుతుందని. కొన్నిచోట్ల జరిగింది. జఫర్‌గఢ్ దారి చీలే చోట జరగలేదు. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు, కాలుతున్న టైర్లు. ఒక పక్క ట్రాక్టరు ట్రాలీ నీడలో ఆడవాళ్ళు రాళ్ళపొయ్యి పెట్టి నడిరోడ్డు మీద వంట చేస్తున్నారు. వంటావార్పు అంటే అదే, రోడ్డు మీదనే వండుకుని తిని కూర్చుంటే బండి ఎట్లా పోతుంది? మీసాలతో ఒక మనిషి వచ్చి ఆటో ముందు నిలబడ్డాడు.

"వాపస్ పోవాలె. ఎవ్వలైనా సరే."

"దవాఖానకు పోతాన్నం అన్నా" అంది అక్క.

"పొద్దటి సంది అందరు దవాఖానకే పోతాన్నరు. గిప్పుడే ఒకాయన దవాఖాన అని చెప్పి పెండ్లికి పోతాండు. కడుపుల నొప్పా, కాళ్ళ నొప్పా?"

అతని మెడలో కండువా చూశాను. అంచుకు రెండు కుట్లు. నా కుట్లే. అప్పటిదాకా రెండు వారాలుగా బిగబట్టుకున్నదంతా నాకు ఒక్కసారి నెత్తికెక్కింది. ఆటో దిగాను. రవికలో చెయ్యి పెట్టి ఆవాల సంచి బయటికి తీసి అతని చేతిలో పెట్టాను.

"గిది పట్టుకో. ఆవాలు. అసలుదాన్ని కోసి దవాఖానల పారేసిండ్రు. క్యాన్సర్. గిప్పుడు రెండోదానికి గూడ వచ్చిందో లేదో చూపిచ్చుకోను పోతాన్న. నువ్వు మెడల ఏసుకున్నదాన్ని కుట్టింది గూడ నేనే. ఇగ చెప్పు, వాపస్ పోవాల్నా?"

అక్కడున్న యాభై మంది మగవాళ్ళూ ఒక్కసారిగా ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టారు. మీసాలాయనకు చేతిలోది ఎటు పెట్టాలో తెలియలేదు. వదలలేడు, పట్టుకోలేడు. పొయ్యి దగ్గర ఒకామె ఫక్కున నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. చివరికి ఆయన రెండు చేతులతో ప్రసాదంలా తిరిగి ఇచ్చి, "తప్పయింది అక్కా" అన్నాడు. రాళ్ళు తీయించాడు. తర్వాతి అడ్డంకుల దగ్గర మళ్ళీ నేను రవికలో చెయ్యి పెట్టాల్సిన పని లేకుండా ఇద్దరిని మోటార్ సైకిల్ మీద ముందు పంపాడు. హన్మకొండలోకి నేను మంత్రిలా పోయాను.

స్కానింగ్ సెంటర్ షట్టరు సగం ఎత్తి ఉంది. డాక్టరు ముందురోజే వచ్చి బంద్‌లో ఇరుక్కుపోయాడట. ఆ అమ్మాయి మళ్ళీ ఒత్తింది, ఈసారి పలక ఇంకా కిందికి దిగింది. నేను అరవలేదు. ఫిల్ములు బయటికి వచ్చేదాకా అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నాకు బతకాలని ఉంది. మందు ఎక్కించుకోనని ఎంత ఎగిరినా, ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు నాకు ఏమైనా చేసి బతకాలనే ఉంది. ఎన్ని సూదులైనా సరే అని లోపల ఒప్పేసుకున్నాను, ఎవరితో బేరం చేస్తున్నానో తెలియకుండానే.

డాక్టరు మమ్మల్ని పిలిచాడు. మూడు ఫిల్ములు వరుసగా తగిలించి ఉన్నాయి. అతను కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"చుక్కలు లేవమ్మా."

"లేకపోవుడేంది?"

"ఒక్కటి కూడా లేదు. సున్నం చుక్కలైతే ఇలా మాయం కావు. పోయినసారి ఒంటికి ఏం రాసుకున్నారు? పౌడరా? ఏదైనా మందా?"

"ఏం రాసుకోలే సారూ. ఒట్టు."

"ఏ రోజు వచ్చారు మీరు?"

అక్క జవాబు చెప్పింది. "తెలంగాణ ఇచ్చిన దినం సారూ."

తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి నాలుక కరుచుకుంది. డాక్టరు చెయ్యి మెల్లగా తన చెవి వెనక్కి పోయింది. గులాల్‌లో మెరుపు కోసం ఏవేవో కలుపుతారు. అవి చర్మం మడతల్లో ఇరుక్కుంటే పౌడర్‌లాగే ఫొటోలో తెల్లగా పడతాయి. అది డాక్టరుకు తెలుసు, అమ్మాయికి తెలుసు. కానీ ఆ రోజు ముగ్గురమూ అందులోనే మునిగి ఉన్నాం.

"నన్ను క్షమించాలమ్మా. నేను అడగాల్సింది" అన్నాడు డాక్టరు. చెవులు ఎర్రబడ్డాయి. అన్నీ మంచిగానే ఉన్నాయి, మళ్ళీ ఏడాదికి రండి అన్నాడు. నేను అతన్ని తిడదామని నోరు తెరిచి నవ్వాను. ఆగలేదు. అక్క కూడా మొదలుపెట్టింది. బంద్ రోజు ఆ ఖాళీ సెంటర్లో ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం. తర్వాత అక్క గోడకు తిరిగి చాలాసేపు ముక్కు చీదుకుంది. నేను నా భర్తకు ఫోన్ చేసి చెప్పాను. "ఊఁ" అన్నాడు. ఫోన్ పెట్టేయకుండా అట్లాగే ఉన్నాడు.

తిరుగు దారిలో ఆ చీలిక దగ్గరికి వచ్చేసరికి అన్నాలు తింటున్నారు. ఆటో ఆగకముందే మీసాలాయన పరుగెత్తుకొచ్చాడు. "ఏమన్నరు అక్కా?"

"ఏం లేదట. గులాల్ అట" అని కథంతా చెప్పాను. పొద్దుటినుంచి ముఖాలు వేలాడేసుకుని కూర్చున్న జనం. ఇచ్చిన రాష్ట్రం పోయిన దినం. అయినా ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఎవరో నా పేరుమీద జై కొట్టబోయి పేరు తెలియక ఆగిపోయారు. మమ్మల్ని ఆటోలోంచి దింపి విస్తరాకులు వేశారు. అన్నం, పప్పు, వంకాయ కూర. రెండు వారాల తర్వాత నాకు ఆకలేసింది. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

చెయ్యి కడుక్కుంటుంటే, పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న ఒక ముసలామె నా పక్కకు వచ్చింది. పొద్దున ఆడవాళ్ళంతా నవ్వినప్పుడు నవ్వనిది ఈమెనేమో, సరిగ్గా చెప్పలేను. "బిడ్డా, జర ఇటు రా" అని నన్ను ట్రాలీ వెనక్కి తీసుకుపోయింది. అటూ ఇటూ చూసి, తడి చేత్తోనే నా చెయ్యి పట్టి తన కొంగు కిందికి తీసుకుపోయింది.

"నువ్వు చూసినదానివి. జర పట్టి చూడు."

కొలతలు తీసి తీసి నా వేళ్ళకు ఏది మెత్తనో ఏది గట్టో తెలుసు. అక్కడ తగిలింది గట్టిది. ఒత్తితే కదలలేదు. నా ఎడమవైపు మొదటిసారి తగిలిందీ అట్లాగే ఉండేది.

"ఎన్నాళ్ళాయె అవ్వా?"

"బతుకమ్మ పండుగ సంది."

"ఎవలకన్న చెప్పినవా?"

"గిది చెప్పుకునేదా బిడ్డా? కొడుకులకు చెప్తనా, కోడండ్లకు చెప్తనా? పొద్దుగాల నువ్వు గంతమంది మొగోళ్ళ ముంగట రోడ్డు మీద చెప్తివి. అప్పటి సంది గరిటె తిప్పుకుంట గదే సోంచాయిస్తాన్న."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పండుగ పోయి మూడు నెలలు కావస్తోంది. ఈ మనిషి ఇన్నాళ్ళుగా దాన్ని కొంగు కింద దాచుకుని ఇంటిల్లిపాదికీ వండి పెట్టింది, రాష్ట్రం కోసం వచ్చి రోడ్డు మీద కూడా వండి పెడుతోంది. నాకు ఇంటికి పోయి పడుకోవాలని ఉంది. ఆ పలకలున్న గదికి మళ్ళీ ఏడాదిదాకా ముఖం చూపించే పని లేదని ఇప్పుడే కదా చెప్పాడు. కానీ డాక్టరు ఇంకా అక్కడే ఉన్నాడు. బంద్ అయ్యేదాకా ఎక్కడికీ పోలేడు.

ఆమె చెయ్యి వదలకుండానే ఆటో దగ్గరికి నడిపించాను. "బండి తిప్పు" అన్నాను.

"మల్ల హన్మకొండకా అక్కా?" అన్నాడు ఆటో అతను.

"మల్ల."

అప్పటికే ఆటోలో కూర్చున్న అక్క మమ్మల్నిద్దరినీ చూసింది. పక్కకు జరిగి జాగా ఇచ్చింది. అవ్వ గరిటె ఎవరికో ఇచ్చి, కొంగు నిండుగా కప్పుకుని మా ఇద్దరి మధ్య కూర్చుంది. మీసాలాయన ఒకసారి ఆమె వైపు చూసి తల దించుకుని, రాళ్ళు పక్కకు జరపడం మొదలుపెట్టాడు.